ఆగిన అంకె

సెప్టెంబర్ 9

రెండే. మూడోది వినపడలేదు.

సెప్టెంబర్ 10

నిన్న అంతకు మించి రాయలేకపోయాను. ఇవాళ కుదురుగా రాస్తాను.

మామయ్యకు టీ పట్టుకుని గరాజుకు వెళ్ళాను. లోపల లేత్ మిషన్ తిరుగుతోంది. అప్పుడే ఫోన్ మోగింది. మా ఆయన. వేసవి అంతా రష్యా నుంచి ఒక్క ఫోన్ లేదు, ఇప్పటికి గుర్తొచ్చాను కాబోలనుకుని కెటిల్ గడప మీదే పెట్టి మల్బరీ చెట్టు కిందికి పరుగెత్తాను. తలగుడ్డ కూడా సర్దుకున్నాను. ఫోన్‌లో మాట్లాడేదానికి తలగుడ్డ ఎందుకో.

ఎలా ఉన్నావనలేదు. తను అక్కడ ఒకామెతో ఉంటున్నాడట. ఆమెకు నెలలు నిండుతున్నాయట. నన్ను మోసం చేయడం ఇష్టం లేక చెప్పేస్తున్నాడట. పాఠం అప్పజెప్పినట్టు గబగబా చెప్పుకుపోయాడు. తర్వాత "నువ్వు తలాక్" అన్నాడు. కాస్త ఆగి మళ్ళీ "తలాక్" అన్నాడు. లైన్ తెగిపోయింది.

మా ఖుజంద్ శివార్లలో సిగ్నల్ ఎప్పుడూ ఇంతే. ఎదురుగా కొండ అడ్డం.

మూడు పడితే తెగినట్టు. రెండైతే ఇద్దత్, అంటే మూడు నెలల గడువు, లోపల మొగుడు వెనక్కి తీసుకోవచ్చు. మా వీధిలో ఏ ఆడపిల్లనడిగినా ఈ మాట చెబుతుంది. వెంటనే ఫోన్ ఆపేశాను. ఫోన్ నోరు మూసుకుని ఉంటే మూడోది రావడానికి దారేది?

గరాజులోకి వెళ్ళేసరికి మిషన్ ఆగి ఉంది. మామయ్య చెడిపోయిన రోలరును ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉన్నాడు.

"స్కేలు మోసం చేసిందమ్మాయ్. అంకె కదల్లేదు. ఇంకా ఉందిగదా అని కోసేశాను."

"టీ చల్లారిపోయింది మామయ్యా, మళ్ళీ పెట్టుకొస్తాను," అన్నాను.

సెప్టెంబర్ 11

స్కేలు గురించి రాస్తాను. దాని గురించైతే రాయగలను.

కిందటేడు మా ఆయన వచ్చినప్పుడు తెచ్చి బిగించిన చైనా స్కేలు అది. చవక సరుకు. మిషన్ పక్కన పొడవాటి ఉక్కు పట్టీ, దాని మీద టూలుతో పాటు జరిగే చిన్న తల, ఆ తలలోంచి ఒక తీగ. తీగ కొస గోడకు బిగించిన డబ్బాలోకి వెళుతుంది. డబ్బా మీద టూలు ఎంత లోపలికి వెళ్ళిందో పెద్ద పెద్ద అంకెల్లో కనపడుతుంది. మామయ్యకు రెండు కళ్ళలోనూ నీటికాసులు. మిషన్ చక్రం మీద ఉండే సన్న గీతలు ఇక ఆయనకు కనపడవు, ఏ డాక్టరూ వాటిని తిరిగి తేలేడు. ఆ పెద్ద అంకెలు మాత్రం కనపడతాయి. అది బిగించిన రోజు ఆయన వీధిలో పోయే వాళ్ళందరినీ లోపలికి పిలిచి, "నా కళ్ళు గోడకు తగిలించాడు మావాడు" అని చూపించాడు. ఆ మురిపెం చూసి మా అత్తయ్య దిష్టి తగులుతుందని ధూపం వేసింది.

ఇప్పుడు వచ్చిన జబ్బు తీగ చివరి ప్లగ్గులో. వదులు ప్లగ్గు. దాన్నిండా ఇనప రజను, నూనె. మిషన్ అదిరినప్పుడల్లా కనెక్షన్ పోతోంది. పోతే పోయింది, డబ్బా ఆరిపోతే గొడవ లేదు. ఆరిపోదు. చివరిసారి అందిన అంకెనే పట్టుకుని వెలుగుతూ కూర్చుంటుంది. టూలు లోపలికి వెళ్ళిపోతూనే ఉంటుంది. మామయ్య అంకెను నమ్మి చక్రం తిప్పుతూనే ఉంటాడు.

"బాగుచెయ్యడానికి ఎన్నాళ్ళు పడుతుంది?" అన్నాడు.

పెళ్ళికి ముందూ, పెళ్ళయ్యాక చాలాకాలమూ, నేను బజారులో నా స్నేహితురాలు షరాఫత్ కొట్టులో ఫోన్లు బాగుచేశాను. వెంట్రుక లాంటి తీగలు అతికించిన చేతులివి. ప్లగ్గు పీకేసి తీగను నేరుగా అతికిస్తే సరిపోతుంది.

"కొంచెం టైం పట్టేలా ఉంది మామయ్యా," అన్నాను. "అందాకా నేను పక్కన నిలబడి గీతలు చదువుతాను."

సెప్టెంబర్ 13

అత్తయ్యకు తెలిసిపోయింది. నా ఫోన్ ఆపి ఉందని ఆయన వాళ్ళమ్మకే చేశాడు.

వంటింట్లో ఉల్లిపాయలు తరుగుతున్నాను. వచ్చి ఎదురుగా కూర్చుంది.

"ఎన్నన్నాడే?"

"రెండు."

"రెండేనా?"

"రెండే అత్తయ్యా."

ఆమె చాలాసేపు తలగుడ్డ అంచుతో కళ్ళు ఒత్తుకుంది. ఉల్లిపాయలు తరుగుతున్నది నేను.

"బయట ఎవరితోనూ అనకు. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుంది. గడువు దాకా ఇక్కడే ఉండాలి, అది నీ హక్కు, ఎవరూ కాదనలేరు. ఆ తర్వాత..." అని ఆగింది. "పిండి తడిపావా?"

తడిపానన్నాను.

సెప్టెంబర్ 21

ఇస్ఫరా నుంచి కమోలిద్దీన్ వచ్చాడు. జర్దాలు అనే ఆప్రికాట్ పళ్ళ గింజలు పగలగొట్టే మిషన్ ఉందతనికి. దాని రోలర్లు మామయ్యే చేస్తాడు, చెయ్యి తిరిగిన పనివాడని అందరిలాగే ఆయన్ని ఉస్తో అంటాడు. రెండు రోలర్ల మధ్య సందు సరిగ్గా కుదిరితే పెంకు పగిలి పప్పు నిండుగా బయటికొస్తుంది, ఏమాత్రం తేడా వచ్చినా పప్పు కూడా నలిగిపోతుంది.

"ఏం ఉస్తో, పప్పు తీసే మిషన్ అడిగితే పిండి మిషన్ చేసిచ్చారేంటి?"

"నీ గింజలే పుచ్చులేమో చూసుకో."

"గింజలకేం, తేనె కారుతున్నాయి. చేసేవాళ్ళకి కళ్ళు..." అని నాలుక కరుచుకుని నా వైపు తిరిగాడు. "కోడలుపిల్ల కూడా మిషన్ ఎక్కిందే. ముజఫర్ ఎప్పుడొస్తున్నాడు చెల్లెమ్మా?"

నేను చక్రం మీద గీతలు చూస్తూ ఉండిపోయాను. ఒక్క గీతా కనపడలేదు.

"నువ్వొచ్చింది రోలర్ల కోసమా, మా ఇంటి సంగతుల కోసమా?" అన్నాడు మామయ్య. "ఎల్లుండి రా. తేడా వస్తే ఆ రోలరుతో నా నెత్తి మీద కొట్టు."

అంటే మామయ్యకు తెలుసు. అత్తయ్య చెప్పి ఉంటుంది. నాతో మాత్రం ఒక్క ముక్క అనలేదు. అతను వెళ్ళాక మిషన్ వేసి, "ఇంకెంత?" అన్నాడు.

"నాలుగు గీతలు."

"ఇప్పుడు?"

"రెండు."

"ఇప్పుడు?"

"ఒక్కటి. ఆగండి, ఆగండి. సరిపోయింది."

"సరిపోయింది," అన్నాడు ఆయన కూడా. ఈ మాట మేమిద్దరం రోజుకు ఎన్నిసార్లు అనుకుంటామో. ఇంకే మాటా అక్కర్లేకుండా సాయంత్రమైపోతుంది.

సెప్టెంబర్ 28

ప్లగ్గు విప్పి శుభ్రం చేశాను. కాసేపు పనిచేసి మళ్ళీ మొరాయించింది. అనుకున్నదే. మంచి తీగ దొరకాలి.

అక్టోబర్ 5

మా ముల్లా, దొముల్లో అంటాం, ఇంటికి వచ్చాడు. అత్తయ్యే కబురు చేసింది. మసీదులో చదివించే పెద్దాయన, మా పెళ్ళి చేయించింది కూడా ఆయనే. నేను పక్కగదిలో తలుపు దగ్గర కూర్చున్నాను.

"ముజఫర్‌తో మాట్లాడాను. ఫోన్‌లో చెప్పడమేంట్రా, అది పద్ధతా అని చివాట్లు పెట్టాను. కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేవురా అన్నాను. జారలేదు, బాగా ఆలోచించుకునే అన్నానన్నాడు."

"ఎన్నన్నాడట?" అత్తయ్య అడిగింది.

"రెండే. అంతలో లైన్ తెగిందట."

తలుపు వెనక నాకు ప్రాణం లేచివచ్చింది. నిజంగా లేచివచ్చింది, ఈ డైరీలో అబద్ధమాడి ఏం చేసుకుంటాను.

"మరి మూడోది?" అన్నాడు మామయ్య.

"మూడోది అక్కర్లేదు ఉస్తో. ఒక్కటన్నా చాలు. గడువు తీరేలోగా వాడు వెనక్కి తీసుకోకపోతే దానంతటదే తెగిపోతుంది. ఎవరూ ఇంకేం అననక్కర్లేదు. వాడు తీసుకోనంటున్నాడు."

గ్లాసులు కిందపెట్టిన చప్పుడు. అత్తయ్య ఏడుపు.

నేను ఇన్నాళ్ళూ రెండు, రెండు అనుకుంటూ కూర్చున్నాను. స్కేలు డబ్బా లాగే. అంకె ఆగింది గానీ కోత ఆగలేదు.

అక్టోబర్ 6

ఇంకొకటి రాయాలి.

లైన్ తెగిపోయింది అని రాశాను ఆ రోజు. ఎవరు తెంపారో రాయలేదు. సిగ్నల్ బాగానే ఉంది, కొండను ఊరికే ఆడిపోసుకున్నాను. ఆయన మూడోదానికి ఊపిరి పీల్చుకోవడం వినపడింది. అప్పటికే నా బొటనవేలు ఎర్ర గుర్తు మీద ఉంది.

నొక్కాను. ఏదో కాపాడేశాననుకున్నాను.

ఇవాళ ఫోన్ ఆన్ చేశాను. ఎవరూ చేయలేదు.

అక్టోబర్ 17

తీగ దొరికింది. బజారు నుంచి షరాఫత్ పంపింది, లోపల నాలుగు రంగుల పోగులు, పైన వెండి జల్లెడ తొడుగు, నాకు కావలసింది సరిగ్గా అదే.

"వచ్చిందటగా," అన్నాడు మామయ్య.

"వచ్చింది. రంగు నచ్చలేదు మామయ్యా."

"తీగకు రంగేంటమ్మా?"

"నల్లది పంపింది. నల్లటి గరాజులో నల్ల తీగ కనపడదు, మీ కాలికి తగులుతుంది."

ఆయన గడ్డం గోక్కున్నాడు. "అదీ నిజమే. రంగు ముఖ్యం," అన్నాడు.

అక్టోబర్ 30

చలి మొదలైంది. గరాజులో ఇనప పొయ్యి వెలిగించాం. దాని మీద దానిమ్మ తొక్కలు వేశాడు మామయ్య, వాసన బాగుంటుందని.

ఇవాళ పని లేదు. ఊరికే కూర్చుని ఆ స్కేలు బిగించిన రోజు గుర్తు చేసుకున్నాను. ఆయన మిషన్ కింద పడుకుని మరలు తిప్పుతుంటే నేను టార్చి పట్టుకున్నాను. ముక్కు మీద నూనె మరక. తుడవబోతే "ఏమే మస్తూ, వెలుతురు ఇటు పట్టమంటే ముక్కు పట్టుకుంటావేం" అన్నాడు. ఆ ప్లగ్గు ఊడొస్తుంది, తీగను అతికించేద్దాం, నేను చూపిస్తాను రా అన్నాను. ఒప్పుకోలేదు. "ప్లగ్గయితే ఎప్పుడు కావాలంటే అప్పుడు ఊడదీసుకోవచ్చు. అతికిస్తే ఇక అంతేగా" అన్నాడు. ఆ రోజు అందులో నాకు తప్పేం కనపడలేదు.

కోపం రావాలి నాకు. వస్తే బాగుండును. పొద్దున నాన్ రొట్టె తుంచేటప్పుడు మాడిన అంచు ఆయనకిష్టమని పక్కన పెడుతున్నాను. పెట్టాక గుర్తొస్తుంది. ఆ అంచు నేనే తింటాను. నాకు మాడిన అంచు పడదు.

నవంబర్ 8

అత్తయ్య నా జడ వేసింది. ఎప్పుడూ లేనిది. వేస్తూ వేస్తూ అంది:

"వాడికి కొడుకు పుట్టాడట. ఫొటో పంపాడు. చూస్తావా?"

"వద్దు."

"రెండేళ్ళు కావస్తోంది వాణ్ణి చూసి. మస్తూరా ఉండగా ఇంటికెలా రానమ్మా అంటున్నాడు. సిగ్గట." జడ గట్టిగా లాగింది. "నిన్ను పొమ్మనడం లేదే. వాణ్ణి రమ్మంటున్నాను. రెండూ ఒకటే అయి కూర్చుంది, నేనేం చెయ్యను?"

నేను ఆమెను తిట్టుకోలేకపోయాను. అడ్డాలనాడు బిడ్డలు గానీ గడ్డాలనాడు కాదని ఎన్ని సార్లయినా అనుకోవచ్చు. తల్లికి గడ్డం కనపడదు.

నవంబర్ 9

తీగ మీది వెండి తొడుగును మిషన్ వైపు ఎర్త్ చేయాలా, డబ్బా వైపు చేయాలా అని ఆలోచిస్తున్నాను. తొందరపడకూడదు.

నవంబర్ 10

మిషన్ వైపే. అది నాకు మొదటి నుంచీ తెలుసు.

నవంబర్ 22

మామయ్య శుక్రవారం నమాజు నుంచి ఆలస్యంగా వచ్చాడు. టోపీ తీయకుండానే గరాజులోకి వచ్చి స్టూలు లాక్కున్నాడు.

"నువ్వు ఫోన్లు బాగుచేసేటప్పుడు ఒక తీగ అతికించడానికి ఎంతసేపు పట్టేదే?"

దొరికిపోయాను. "ఫోన్లు వేరు మామయ్యా."

"వేరే. నేను కాదన్నానా?" కాసేపు చేతులు పొయ్యి దగ్గర పెట్టుకున్నాడు. "నాకు కళ్ళు పోయాయి గానీ బుర్ర పోలేదమ్మాయ్. సెప్టెంబర్ నుంచీ నువ్వు దాన్ని బాగుచెయ్యకుండా ఎన్ని తిప్పలు పడుతున్నావో చూస్తున్నాను. నేను కూడా తొందర పెట్టలేదు. ఎందుకు పెట్టలేదో నువ్వూ అడగొద్దు."

అడగలేదు.

"ఇవాళ దొముల్లో గారిని నిలదీశాను. నా కొడుకు ఈ పిల్లను వదిలేస్తే నేనేమవుతాను అని. పరాయి మగాణ్ణయిపోతానా, ఎదురుపడితే తల తిప్పుకోవాలా అని."

"ఏమన్నాడు?"

"గడువు తీరాక వాడు పరాయివాడే. నీ తలగుడ్డ జారినా వాడు చూడకూడదు. నేను కాదట. ఒకసారి మామనయ్యాక మామనేనట, చచ్చేదాకా. నువ్వు ఇంకొకణ్ణి చేసుకున్నా సరేనట. మామా కోడళ్ళ మధ్య తలాక్ లేదట. ఎవడూ తెంపలేడట, నేను తెంపుదామన్నా తెగదట." టోపీ తీసి మోకాలి మీద బోర్లించాడు. "అరవై ఎనిమిదేళ్ళొచ్చాయి, ఇంత మంచి మాట నాకెవరూ చెప్పలేదు చూడు."

నేను పొయ్యిలో కట్టె పెట్టే నెపంతో అటు తిరిగి ఏడ్చాను. ఆయనకు కళ్ళు కనపడవు కదా, హాయిగా ఏడ్చాను. "ముక్కు చీదుకో, పొగ ఎక్కువైంది," అన్నాడు.

డిసెంబర్ 4

ఇవాళ ఆయన ఫోన్ చేశాడు.

గడువు మొన్ననే తీరిపోయింది. అయినా ఫోన్ మీద పేరు చూడగానే నా కాళ్ళు మల్బరీ చెట్టు కిందికి వాటంతటవే వెళ్ళిపోయాయి. మనసు మారిందేమో. ఏడేళ్ళ కాపురం, రెండు మాటలకు పోతుందా, మళ్ళీ పెళ్ళి చేసుకోవచ్చు కదా, రెండే కదా. ఆకుపచ్చ గుర్తు నొక్కేలోపే ఇవన్నీ అనుకున్నాను.

"మస్తూరా, బాగున్నారా?" అన్నాడు.

చెట్టు బెరడు గిల్లుతూ నిలబడ్డాను.

"నాన్న పక్కనున్నారా? ఆయన ఫోన్ ఎత్తడం లేదు. స్కేలు ఇంకా సరిగా లేదని అమ్మ చెప్పింది. ఆ ప్లగ్గు పెట్టడం నాదే పొరపాటు. మీకు ఇబ్బందయినట్టుంది, ఏమీ అనుకోకండి."

ఏడేళ్ళలో ఆ మనిషి నన్ను ఏమే అన్నాడు, మస్తూ అన్నాడు, కోపం వస్తే దయ్యమా అన్నాడు. తలాక్ చెప్పిన రోజు కూడా నువ్వు అనే చెప్పాడు. ఇవాళ మీరు అన్నాడు. ఎంతో మర్యాదగా, బస్సులో చోటిచ్చిన ఆడమనిషితో అన్నట్టు. వెటకారం లేదు అందులో, కోపం లేదు, ఏమీ లేదు.

"పిలుస్తాను, ఉండండి," అన్నాను నేను కూడా. మామయ్య దగ్గరికి వెళ్ళి ఫోన్ చేతిలో పెట్టాను.

ఈసారి బొటనవేలు ఎక్కడా పెట్టలేదు. సిగ్నల్ నిండుగా ఉంది. మూడోది వినపడింది.

డిసెంబర్ 5

స్కేలు బాగుచేశాను.

మధ్యాహ్నం భోజనాలయ్యాక మొదలుపెట్టాను. ప్లగ్గు పీకేశాను. స్కేలు తల విప్పి లోపలి రజను బ్రష్షుతో దులిపి, స్పిరిట్‌తో నూనె తుడిచాను. నాలుగు పోగులనూ లోపలి సర్క్యూట్ బిళ్ళ మీద నేరుగా అతికించాను, డబ్బా వైపు కూడా అంతే. వెండి తొడుగును మిషన్ ఒంటికి బిగించాను, ఒక్క వైపే. రెండు వైపులా బిగిస్తే మోటారు వేసినప్పుడల్లా అంకెలు గెంతులు వేస్తాయి. తీగ లాగుడు పడకుండా ఒక మెలిక వదిలి జిగురు పోశాను. టీ వేళకు అయిపోయింది.

మామయ్య మోటారు వేశాడు. అంకెలు గెంతలేదు. చక్రం తిప్పాడు, అంకె మారింది. ఆపాడు, ఆగింది. తీగ పట్టుకుని ఊపాడు, మిషన్‌ను అరచేత్తో చరిచాడు, చివరికి కోపంగా కాలితో కూడా తన్నాడు. చెక్కు చెదరలేదు.

"ఇంకెంత?" అన్నాను నేను.

గోడ వైపు చూశాడు. "నువ్వు చెప్పనక్కర్లేదిప్పుడు. నాకే కనపడుతోంది," అన్నాడు. ఇంత నీరసంగా ఆయన ఒక మంచివార్త చెప్పడం నేనెప్పుడూ వినలేదు.

"సరిపోయింది," అన్నాను.

ఆయన తిరిగి ఆ మాట అనలేదు.

డిసెంబర్ 11

మా అన్నయ్య బండి తెచ్చాడు. అత్తయ్య జర్దాలు, ఎండుద్రాక్ష, తను నేసిన దుప్పటి మూటకట్టింది. గేటు దగ్గర నన్ను పట్టుకుని, నేను ఆ కొడుకుని కన్న పాపానికి అని మొదలుపెట్టి పూర్తిచేయలేకపోయింది. మామయ్య బయటికి రాలేదు. గరాజులో మిషన్ తిరుగుతున్న చప్పుడు వినపడింది. టూలు తగిలే చప్పుడు లేదు. ఏమీ బిగించకుండా ఉత్తినే తిప్పుతున్నాడు.

జనవరి 8

షరాఫత్ కొట్టులో నా పాత కుర్చీ నాకిచ్చింది. పగిలిన అద్దాలు, నీళ్ళలో పడిన ఫోన్లు. చేతులు మరిచిపోలేదు. ముజఫర్ పెళ్ళాంతో బిడ్డతో వచ్చాడని బజారంతా చెప్పుకుంటున్నారు. నాకు వినపడేలానే చెప్పుకుంటున్నారు.

మాడిన అంచు పక్కన పెట్టడం మానేశాను. ఇవాళ ఒక్కరోజు పెట్టాను.

జనవరి 16

గురువారం కదా, పంజ్‌షాంబె బజారు కిటకిటలాడుతోంది. జనం మధ్యలోంచి కర్రతో తడుముకుంటూ మామయ్య వచ్చాడు. రెండు వ్యానులు మారి, ఒక్కడే. చంకలో తువ్వాలు మూట.

"మళ్ళీ మొదలెట్టిందమ్మా," అని మూట నా బల్ల మీద పెట్టాడు.

లేచి కుర్చీ ఇచ్చాను. షరాఫత్ టీ పోసింది. బిడ్డ బాగున్నాడా అని అడగాలనుకోలేదు, అడిగేశాను.

"బాగున్నాడు. వాడి ముక్కే," అన్నాడు. నేను తల ఊపి మూట విప్పాను.

స్కేలు తల, తీగ, డబ్బా. మొత్తం పీక్కొచ్చాడు. నా అతుకులు చూశాను, అన్నీ గట్టిగానే ఉన్నాయి. జిగురు ఊడలేదు. మెలిక అలాగే ఉంది. తీగ మాత్రం సరిగ్గా మధ్యలో రెండు ముక్కలైంది. అరిగినట్టు లేదు, లాగుడుకు తెగినట్టు లేదు. తీగలు కత్తిరించే నిప్పర్‌తో ఒకే నొక్కుకు కోసినట్టు నున్నగా ఉంది.

నేను తల ఎత్తాను. ఆయన టీలోకి చూస్తున్నాడు.

"ఎలకలు," అన్నాడు.

"ఎలకలే మామయ్యా."

"చలికాలం కదా."

షరాఫత్ వంగి చూసింది. "మీ ఎలకకు పళ్ళు భలే పదునండీ ఉస్తో," అంది. దాని కాలు తొక్కాను.

"ముజఫర్ ఇంట్లోనే ఉన్నాడుగా," అన్నాను. "అడగలేకపోయారా?"

"వాడికి ప్లగ్గులు పెట్టడం వచ్చు. అతికించడం రాదు."

బయట ఎవరో బీహీ పళ్ళు బేరమాడుతున్నారు. ఇది లేకుండా ఆయన ఒక్క రోలరు కూడా చేయలేడు. కమోలిద్దీన్ ఇంకొకరి దగ్గరికి పోతాడు. ఈ సంగతి నాకు తెలుసు, కోసే ముందు ఆయనకూ తెలుసు.

"పని ఆగిపోదూ?" అన్నాను.

"ఆగనీ."

"దీన్ని తేలిగ్గా బాగుచేయలేం మామయ్యా. మొత్తం విప్పాలి. ఇలాంటి తీగ మళ్ళీ దొరకాలి. వచ్చే గురువారం ఒకసారి వచ్చి చూడండి."

"వస్తా." కర్ర అందుకుని లేచాడు. నా తల ఎక్కడుందో తడిమి దాని మీద చెయ్యి పెట్టాడు. "తొందర పడకు. రంగు నచ్చకపోతే కొననే కొనకు. ఇంకో గురువారం చూద్దాం."

వ్యాను దాకా దిగబెట్టి వచ్చాను. మిగిలిన తీగ నా డ్రాయర్లోనే ఉంది, కావలసినంత. డ్రాయరు మూసేసి, నీళ్ళలో పడిన ఫోన్ ఒకటి ముందుకు లాక్కున్నాను.